ఆకు ముడత పడితే నీళ్ళేనా మందు?

కాకినాడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. అందులో మూడున్నర పేజీలు ఒక కలబంద మొక్కను గురించే. నాలుగేళ్ళ క్రితం పుట్టింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మగారు పెరట్లోంచి ఒక పిలక తీసి, పాత గుడ్డలో చుట్టి చేతిలో పెట్టారట. ఇప్పుడు అమ్మగారు లేరు. ఇల్లు అమ్మేశారు గనుక ఆ పెరడూ లేదు. మిగిలింది ఈమెగారి ఫ్లాటు వరండాలో ఉన్న ఆ మొక్క ఒక్కటే. వానలు మొదలయినప్పటి నుంచీ దాని ఆకులు పలచబడి, ముడతలు పడి, అడుగు ఆకులు పసుపు తిరిగి జారిపోతున్నాయి. ఎండిపోతోంది కాబోలునని, రోజూ చెంబెడు పోసేవారు రెండు చెంబులు పోస్తున్నారు. అయినా ముడతలు తగ్గలేదు. ఏ ఎరువు వెయ్యమంటారని అడిగారు.

అమ్మా, ముందు ఆ చెంబు కింద పెట్టండి. ఎరువు మాట తరువాత చూద్దాం.

ఇటువంటి ఉత్తరాలు వానాకాలంలో ఒకటి కాదు, చాలా వస్తాయి. ఒకరికి కలబంద, ఇంకొకరికి రణపాల, మరొకరికి నర్సరీలో మోజుపడి కొన్న జేడ్ మొక్కో, గులాబీ పువ్వులా విచ్చుకున్న ఎకవేరియావో. కులాలు వేరయినా ఈ దళసరి ఆకుల మొక్కలన్నిటి స్వభావం ఒకటే. వాటికి ఆకే నీళ్ళ కుండ. ఆకు ముడత పడిందంటే కుండ ఖాళీ అవుతున్నదన్న మాట నిజమే. కాని ఎందుకు ఖాళీ అవుతున్నదో కనుక్కోవాలి. మట్టిలో తడి లేకపోతే ఖాళీ అవుతుంది. మట్టి నిండా తడి ఉండి, తాగవలసిన వేళ్ళు కుళ్ళిపోయినా ఖాళీ అవుతుంది. వేళ్ళకు నీటితోపాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ నాని ఉంటే గాలి ఆడక, వేళ్ళు ఉక్కిరిబిక్కిరై, బూజు తెగులుకు లోబడి కుళ్ళుతాయి. అప్పుడు మొక్క తన ఆకుల్లో దాచుకున్న నీళ్ళే తాగి బ్రతుకుతుంది. ఆకు ముడత పడుతుంది. మనం జాలిపడి ఇంకాస్త పోస్తాం. పాపం, ఆ పోసిన నీళ్ళే దాని ప్రాణం తీస్తాయి.

రెండింటికీ తేడా తెలుసుకోవటానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక పొడి కొబ్బరి ఈనె తీసుకుని కుండీ అంచు పక్కగా అడుగుదాకా గుచ్చండి. పావుగంట ఆగి లాగండి. ఈనె చల్లగా, మట్టి అంటుకుని వచ్చిందా, మొక్కకు దాహం లేదు. పొడిగా వస్తే దాహమే. అప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా నిండుగా పోయండి. రెండు మూడు రోజుల్లో ఆకు మళ్ళీ నిండుతుంది. ఆకును వేళ్ళతో నొక్కి చూసినా తెలుస్తుంది. దాహం వేసిన ఆకు పలచబడి వంగుతుంది గాని, రంగు పెద్దగా మారదు, చితకదు. కుళ్ళు పట్టిన ఆకు పసుపు తిరిగి, ఉడికించిన ఉల్లిపొరలా లోపలిదాకా కనిపిస్తూ, ముట్టుకుంటే మెత్తగా ఊడివస్తుంది. మొదలు నల్లబడి వాసన కూడా వేస్తుంటే ఇక సందేహమే లేదు.

ఈ మొక్కలకు ఇంత తక్కువ నీళ్ళు ఎలా చాలుతాయని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఈ రహస్యం బయటపడిన కథలో మీ పక్క ఊరి పేరు కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ వారి వృక్షశాస్త్రజ్ఞుడిగా సామర్లకోటలో పనిచేసిన బెంజమిన్ హేన్ అనే ఆయన, రణపాల ఆకును పొద్దున్న నమిలితే పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం కొంచెం చేదుగా ఉండటం గమనించాడు. ఆ సంగతి 1813లో ఒక ఉత్తరంలో వ్రాస్తే, 1815లో లండన్‌లో అచ్చయింది. అర్థం తరువాతి వాళ్ళు చెప్పారు. తక్కిన మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరుచుకుని గాలి పీల్చుకుంటాయి; ఆ దారిన నీరు ఆవిరై పోతుంది. ఇవి ఎండవేళ తలుపులు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువును పుల్లని ఆమ్లంగా దాచుకుని, మర్నాడు వెలుతురులో వాడుకుంటాయి. అంత పొదుపు సంసారం చేసే మొక్కకు మల్లెపాదుకు పోసినట్లు పోస్తే ఏం చేసుకుంటుంది? (హేన్ నమిలాడు కదా అని మీరు తెలియని ఆకులు నమలకండి సుమా.)

ఇక కుళ్ళు పట్టిన మొక్కను బ్రతికించే పని. కుండీ బోర్లించి మొక్కను మట్టితో సహా బయటికి తియ్యండి. తడిమట్టి నెమ్మదిగా రాల్చండి. గట్టిగా, తెల్లగానో లేత పసుపుగానో ఉన్నవి మంచి వేళ్ళు. గోధుమరంగుకో నలుపుకో తిరిగి, లాగితే పైపొర జారిపోయేవి చచ్చినవి. వాటిని శుభ్రమైన బ్లేడుతో కోసెయ్యండి. మొదలు కుళ్ళితే మచ్చలేని కండ కనిపించేదాకా కొయ్యవలసిందే. ఇక్కడ జాలి పనికిరాదు. తరువాత మొక్కను నీడలో, గాలి తగిలేచోట నాలుగైదు రోజులు ఉత్తినే పడేసి ఉంచండి. కోసినచోట పక్కు కడుతుంది. వేళ్ళు లేకుండా అన్నాళ్ళా అని భయపడకండి. దాని కుండ దాని దగ్గరే ఉంది.

నాటేందుకు ఒక పాలు తోటమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు శనగగింజలంత ఇటుక ముక్కలు, గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు చాలును. దగ్గరే కదా అని సముద్రపు ఇసుక తేకండి, అందులో ఉప్పుంటుంది. మట్టికుండీ అయితే మేలు. అడుగున చిల్లు తప్పనిసరి. నాకెవరో అందమైన పింగాణీ గిన్నెలో జేడ్ మొక్క బహూకరించారు. దానికి చిల్లు లేదని, ఆకులన్నీ ఒక్క వారంలో రాలిపోయాక గిన్నె తిరగేసి చూసి తెలుసుకున్నాను. నాటిన వారం దాకా నీళ్ళు పొయ్యవద్దు. ఆ తరువాతనైనా వారానికెన్నిసార్లని నన్ను అడగకండి, ఈనెను అడగండి. మేనెలలోను, శ్రావణమాసపు ముసురులోను జవాబు ఒకటి కాదు.

ముసురు రోజుల్లో కుండీలను చూరు కిందికి జరపండి. కింద పళ్ళెం ఉంటే తీసెయ్యండి. ఆకుల మీద నీరు నిలిచి నల్లమచ్చలు వస్తే ఆ ఆకులు తీసివేసి, మొక్కలను కొంచెం ఎడంగా పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

తక్కిన ఫిర్యాదులు కొన్ని. అడుగు ఆకులు ఒకటి రెండు కాగితంలా ఎండి రాలటం జబ్బు కాదు, వయస్సు. గదిలో పెరిగిన మొక్కను తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు పాలిపోయి గోధుమరంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చ మళ్ళీ పోదు. రోజుకొక గంట చొప్పున పదిహేను రోజులు అలవాటు చెయ్యాలి. కలబంద ఎండకు కొంచెం ఎర్రబడితే మాత్రం కంగారు లేదు, నీడకు తెస్తే పచ్చబడుతుంది. వెలుతురు చాలని మొక్క ఆకు ఆకుకూ ఎడం పెంచుకుని మెడ సాచుతుంది. అలా సాగింది మళ్ళీ కుదురుకోదు గనుక, జేడ్, ఎకవేరియాలయితే తల కోసి, ఆరబెట్టి, కిటికీ దగ్గర కొత్తగా నాటుకోవాలి.

ఎకవేరియా ఆకు మీద సమంగా పరచినట్లుండే తెల్లని పొడి దాని సొంత అలంకారం; తుడవకండి. ఆకు మొదట్లో దూది ముద్దల్లా ఉండి, జిగురు కారి, చీమలు పట్టేది పిండినల్లి. ఆసుపత్రి స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కొక్కటే తుడవండి. ఎక్కువగా ఉంటే లీటరు నీళ్ళకు చెంచాడు వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు గిలకొట్టి సాయంత్రం వేళ చల్లండి, కాని ముందు ఒక ఆకు మీద పరీక్షించి చూడండి. వారానికొకసారి మూడు నాలుగు వారాలు చేస్తేనే గుడ్లలోంచి వచ్చినవి కూడా చస్తాయి. జెముడు జాతి మొక్కలు కోసేటప్పుడు కారే పాలు కంట్లో పడకుండా చూసుకోండి.

కాకినాడ సోదరికి ఇంకొక్క మాట. రణపాలకైతే ఒక్క ఆకు దక్కినా చాలును, అంచుల వెంట పిల్లలు పుడతాయి. జేడ్ ఆకూ వేరు పోస్తుంది. కలబంద ఆకు మాత్రం నాటితే కుళ్ళుతుందే గాని మొక్క కాదు. అందుకని ఆకులు దాచుకోవద్దు. కుండీ బోర్లించినప్పుడు మొదలు చుట్టూ జాగ్రత్తగా వెతకండి. నాలుగేళ్ళ మొక్క గనుక వేలెడంత పిలక అయినా ఉండకపోదనుకుంటాను. గట్టిగా పచ్చగా ఉంటే దానిని విడదీసి, నాలుగు రోజులు ఆరనిచ్చి, చిన్న కుండీలో వేరే నాటండి. తల్లిమొక్క దక్కితే సంతోషమే. దక్కకపోయినా, పిలక వేరే విత్తనంలోంచి వచ్చింది కాదు గదా. మీ అమ్మగారు పెరట్లో పెంచిన మొక్కే అది. రెండు కుండీలయ్యాక ఒకటి మీ చెల్లెలిగారింట ఉంచండి. ఆవిడ కూడా అడుగుతున్నారని మీరే వ్రాశారు. పిలక కొత్త ఆకు వేసిననాడు నాకొక కార్డు ముక్క వ్రాయండి.