గ్యాస్ గీజర్: పేలుతుందేమోనని భయం.. అసలు ముప్పు వాసన లేని గాలితోనే! పల్నాడు ఇళ్లలో ఇవి చూసుకోండి

వేసవిలో రెంటచింతల ఎండలకు పేరుమోసిన పల్నాడులో చలికాలం తెల్లవారుజామున మాత్రం వేన్నీళ్లు లేనిదే స్నానం కష్టం. ఒకప్పుడు కట్టెల పొయ్యి మీద కాగు.. ఆ తర్వాత బకెట్‌లో హీటర్ రాడ్.. ఇప్పుడు గ్యాస్ గీజర్. ట్యాప్ తిప్పితే చాలు, కరెంటు లేకపోయినా క్షణాల్లో వేడినీళ్లు వచ్చేస్తాయి. సిలిండర్ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. మరి ఇబ్బంది ఎక్కడ? దాన్ని ఏ గోడకు బిగించారన్న దగ్గరే!

2023 మార్చిలో హోలీ రోజు ముంబైలోని ఘాట్కోపర్‌లో ఒక జంట, ఘజియాబాద్ జిల్లా మురాద్‌నగర్‌లో మరో జంట రంగులు కడుక్కోవడానికి వెళ్లి బాత్రూమ్‌లోనే చనిపోయారు. 2025 అక్టోబరులో మైసూరు జిల్లా పిరియాపట్నంలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఇలాగే ప్రాణాలు కోల్పోయారు. మూడు చోట్లా అనుమానం గ్యాస్ గీజర్ మీదే. ఎక్కడా పేలుడు లేదు, మంటలు లేవు.

10 నిమిషాల్లో ఏం జరుగుతుంది?

ఒక లెక్క చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల గీజర్ నీటిని 25 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 17 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. అంటే 10 నిమిషాలకు 170 గ్రాములు. అంత గ్యాస్ పూర్తిగా కాలాలంటే 2 ఘనపు మీటర్ల గాలి కావాలి. మన ఇళ్లలో 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో ఉండే గాలి మొత్తం ఐదున్నర ఘనపు మీటర్లే! చలి అని తలుపు బిగించి, దోమలని వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెడితే.. మీరు పీల్చే గాలినే మంట కూడా వాడుకుంటోందన్నమాట.

గాలి చాలకపోతే గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే తెలియాలని గ్యాస్‌లో వాసన కలుపుతారు కానీ, కాలిన తర్వాత వచ్చే ఈ విషవాయువుకు ఆ వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం.. ఆ తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. గడియ తీద్దామనుకున్నా చెయ్యి లేవదు.

కొందరికి బాత్రూమ్‌లోనే ఫిట్స్ వస్తాయి. గీజర్ సంగతి ఎవరూ చెప్పకపోతే మూర్ఛ వ్యాధి అనుకుని మందులు వాడే పరిస్థితి. వైద్యులు దీనికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అనే పేరే పెట్టారు.

ఎక్కడ బిగించాలి?

గీజర్ బాత్రూమ్ బయట ఉండాలి. వసారాలోనో, వెనక దొడ్డి గోడకో, గాలి ఆడే బాల్కనీలోనో వాన తగలకుండా బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తీసుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అనే ధైర్యం పనికిరాదు. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, సెల్స్‌తో వెలిగే గీజర్ ఆగదు!

సిలిండర్ కూడా బయటే, నిలువుగా ఉండాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. మెట్ల కింద గుంటలో పెట్టకూడదు. వంటింటి రెగ్యులేటర్ లాంటి తక్కువ ప్రెజర్ రెగ్యులేటరే వాడాలి. హోటల్ పొయ్యిలకు వాడే హై ప్రెజర్ రెగ్యులేటర్ తగిలిస్తే మంట అదుపు తప్పుతుంది.

వెలగడం లేదా? ట్యాంకు చూడండి

నీటి తోపుడుతోనే లోపలి స్విచ్ పడి మంట అంటుకుంటుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి నీరు దిగితేనే 1 బార్ ప్రెజర్. ఒక్క అంతస్తు డాబా మీద ట్యాంకు, గోడకు 5 అడుగుల ఎత్తులో గీజర్ ఉంటే మధ్య తేడా 2 మీటర్లే.. అంటే 0.2 బార్. గీజర్ ప్లేటు మీద రాసిన కనీస ప్రెజర్ అంతకంటే ఎక్కువైతే మంట అంటుకోదు, అంటుకున్నా ఆగిపోతుంది. అలాంటప్పుడు ట్యాంకు కింద దిమ్మె ఎత్తు పెంచాలి. లేదా చిన్న ప్రెజర్ పంపు పెట్టించాలి.

నాబ్‌ల సంగతీ తేలికే. ముందు గ్యాస్ తక్కువలో పెట్టి నీళ్లు వదలండి. మంట వెలిగాక కొద్దికొద్దిగా పెంచండి. నీటి నాబ్ తగ్గిస్తే వేడి పెరుగుతుంది, పెంచితే తగ్గుతుంది. వేసవిలో సమ్మర్ గుర్తుకు మార్చుకోండి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులోకి తిరిగినా, పైన మసి కనిపించినా వెంటనే ఆపేసి మెకానిక్‌ను పిలవాలి. జెట్‌లు, సెన్సార్ సొంతంగా కెలకొద్దు.

పల్నాడులో ఇంకో చిక్కు ఉంది. సున్నానికి పేరున్న పిడుగురాళ్ల, సిమెంటు ఫ్యాక్టరీలున్న మాచర్ల, దాచేపల్లి.. ఇదంతా సున్నపురాయి నేల. బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పెంకు కట్టడం అందరూ చూసేదే. అదే పెంకు గీజర్ రాగి పైపుల్లోనూ పేరుకుంటుంది. నీరు సన్నబడుతుంది, గ్యాస్ ఎక్కువ కాలుతుంది. చలికాలం మొదలయ్యే ముందు ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించాలి. బర్నర్ మీద దుమ్ము, సాలెగూళ్లు తీయించాలి.

అద్దె ఇంట్లో ఎవరి బాధ్యత?

నరసరావుపేటలో చదువుల కోసం, ఉద్యోగాల కోసం అద్దెకుండే కుటుంబాలు ఎక్కువ. గోడకు చిల్లు పెట్టే హక్కు అద్దెదారుకు ఉండదు. తలుపు మూసుకుని స్నానం చేసేది మాత్రం వాళ్ల పిల్లలే. గీజర్‌ను బయటకు మార్చడానికి కావాల్సింది కొన్ని అడుగుల పైపు, ఒక పూట పని. ఆ ఖర్చు ఇంటి యజమానే పెట్టుకోవడం న్యాయం. లోపలే బిగించమని ఎవరు అడిగినా ప్లంబర్ కుదరదని చెప్పాలి. అది మారేదాకా అద్దెదారులు చేయగలిగింది ఒకటుంది.. బాత్రూమ్ తలుపు తీసిపెట్టి బకెట్ నింపుకోండి, గీజర్ ఆపేయండి, గాలి మారాకే స్నానానికి వెళ్లండి.

ఎవరైనా లోపల పడిపోతే తలుపు తెరిచి, గ్యాస్ కట్టేసి, వెంటనే ఆరుబయటకు తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో మొదటి మాటగా ‘గ్యాస్ గీజర్’ అని చెప్పండి. ఎందుకంటే వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ విషాన్ని పట్టలేదు, ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. గ్యాస్ లీకైన వాసన వస్తే 1906కు ఫోన్ చేయాలి.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చూడండి.. మీ గీజర్ తలుపుకు లోపల ఉందా, బయట ఉందా?