గాలిలోకి పేల్చిన తూటా

పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురంలో పట్టపగలు తూటాలకు బలైన నాటి నుండి, మా సీమ తుపాకిని గురించి ఎవరు మాట మొదలుపెట్టినా అది కక్షల కథగానే ముగుస్తున్నది. నేను చెప్పదలచినది మరొక తుపాకి సంగతి. లైసెన్సు ఉన్నది, వేడుకలో దర్పం కోసం ఆకాశం వైపు పేలేది.

పైకి పోయిన తూటా పైనే ఉండిపోదు కదా! 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, పెళ్ళిళ్ళలో, గుళ్ళ వద్ద, సభలలో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా కాల్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అన్నారు. బాగున్నది. కానీ ఆ ముప్పును రుజువు చేసేదెవరు? చూసినవారందరూ పెళ్ళివారి భోజనం చేసినవారే. ధర్మవరం పట్టుచీర పెట్టించుకున్న చుట్టం మరునాడు స్టేషనుకు వెళ్ళి సాక్ష్యం చెప్పునా?

కనుక పేలిన తరువాత కాదు, లైసెన్సు పునరుద్ధరించేనాడే అడగాలని నా అభిప్రాయం. చిత్రమేమిటంటే, ఆ సవరణే లైసెన్సు గడువును మూడేళ్ళ నుండి ఐదేళ్ళకు పెంచినది. అడిగే అవకాశం మనకు అంత అరుదైనది.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులను స్టేషనులో అప్పగించమంటారు, ఎవరూ కాదనరు. జాతర రోజులలో, వినాయక నిమజ్జనం నాడు అదే పని చేయిస్తే తప్పేమి? 2022 నుండి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోనివే గనుక పుట్టపర్తిలో కలెక్టరుగారికి ఒక్క అర్జీ చాలును. వ్రాసి ఉంచాను. ఆ మూడు ఊళ్ళ మిత్రుల సంతకాలు కావాలి.