ఎయిర్‌గన్‌కు కావాల్సింది జోరు కాదు, చోటు

సంగారెడ్డి జిల్లా రాయికోడ్‌లో చలి ముదిరిందంటే నా షెడ్డుకు ఎయిర్‌గన్‌లు రావడం మొదలవుతుంది. నా అసలు పని బోరు మోటార్ల రిపేరు. పత్తి ఏరడం అయిపోయి, యాసంగి తడుల తొందర ఇంకా మొదలుకాని రోజుల్లో చేతికి కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు తుపాకీల పని ముందేసుకుంటాను. దీనికి డబ్బు తీసుకోను, ఇది నా ఇష్టం కొద్దీ చేసుకునే పని. తెచ్చే పిల్లల్లో ఎక్కువ మంది అడిగేది ఒక్కటే: “అన్నా, జోరు పెంచు.” గట్టి స్ప్రింగు వెయ్యమంటారు. నేను వెయ్యను.

మొదటి కారణం చట్టం. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లకు, ఛర్రా గొట్టం దాటేటప్పుడు దాని శక్తి 20 జౌళ్లకు మించకపోతేనే ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా అది లైసెన్సు ఉండాల్సిన ఆయుధమే. అర గ్రాము సీసపు ఛర్రా సెకనుకు 280 మీటర్ల వేగంతో పోతే ఆ హద్దు దగ్గరికి వచ్చేసినట్టు. “ఇంకొంచెం” అనుకుంటూ స్ప్రింగు మార్చిన పిల్లవాడు ఎప్పుడు గీత దాటాడో అతనికే తెలియదు. పట్టుబడిన రోజు పోలీసులకు తెలుస్తుంది. బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చినా, అసలు తుపాకీ గొట్టాన్ని లైసెన్సు లేకుండా కోసి కురచ చేసినా 1959 ఆయుధ చట్టం కింద నేరం. ఇవన్నీ తెలియకుండానే మా పల్లెల్లో పిల్లలు సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ పడుతున్నారు.

రెండో కారణం పనితనం. స్ప్రింగు గట్టిదైన కొద్దీ తుపాకీ అదురుతుంది. భుజానికి ఆనే కట్టెకు బిగించిన మరలు వదులవుతాయి, దుర్బీను పాడవుతుంది, గురి చెదురుతుంది. ఒలింపిక్స్‌లో వాడే ఎయిర్ రైఫిల్ శక్తి మన 20 జౌళ్ల హద్దులో సగం కూడా ఉండదు. జర్మనీలో 7.5 జౌళ్లు దాటితే, బ్రిటన్‌లో సుమారు 16 జౌళ్లు దాటితే లైసెన్సు అడుగుతారు. అంత తక్కువ శక్తి తుపాకీలతోనే ఆ దేశాల వాళ్లు పతకాలు గెలుస్తున్నారు.

మరి నేను చేసేదేమిటంటే, తుపాకీని మనిషికి కుదిర్చి పెడతాను. కంపెనీ అందరికీ ఒకే కొలత కట్టె చేసి పంపుతుంది. మనుషుల మెడలు, భుజాలు, చేతులు ఒక్కలా ఉండవు కదా. వచ్చిన వాడిని కళ్లు మూసుకొని తుపాకీ భుజానికి ఎత్తుకోమంటాను. తర్వాత కళ్లు తెరవమంటాను. గురి ముల్లు నేరుగా కంటికి ఎదురుగా ఉంటే కట్టె కుదిరినట్టు. మెడ వంచాల్సి వస్తే చెంప ఆనే చోట ఎత్తు పెంచాలి. వేలు ఘోడాను అందుకోవడానికి సాగదీయాల్సి వస్తే వెనకాల పొడవు తగ్గించాలి. మా మిత్రుల్లో ఒకాయనది ఎడమ చేతివాటం. ఏళ్లుగా కుడి చేతివాళ్ల తుపాకీతో తంటాలు పడ్డాడు. పాత దర్వాజ టేకు చెక్కతో ఆయనకు ఎడమ చెంపకు ఆనేటట్టు కట్టె చేసిచ్చాం. చిత్రిక పట్టింది మా వడ్రంగి అన్న, ఆకురాయితో మలిచింది నేను. ఆ రోజు నుంచి ఆయన పేల్చే తీరే మారిపోయింది.

కట్టెకు వార్నీషు వెయ్యం, అవిసె నూనె రాస్తాం. ప్రపంచమంతా తుపాకీ కట్టెలకు వాడే పాత నూనె ఇదే. మా జహీరాబాద్ వైపు నల్లరేగళ్లలో శనగ, కుసుమలతో కలిపి అవిసెలు వేసే రైతులు ఇంకా ఉన్నారు. జనవరిలో ఆ నీలం పూలు చూడాల్సిందే. నూనె పలచగా రాసి, బట్టతో తుడిచి, ఆరాక మళ్లీ రాయాలి. చలికి ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి పగటి ఎండకు పెట్టి, పొద్దుగూకగానే లోపలికి తెచ్చుకుంటాం. ఒక్క జాగ్రత్త: నూనె తుడిచిన బట్టలను ఉండ చుట్టి మూలకు పడెయ్యకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మేం వాటిని తీగ మీద విడివిడిగా ఆరేస్తాం.

ఆదివారం పొద్దున మిత్రులమంతా చెలకలో కలుస్తాం. మా జిల్లాలోనే ఉన్న కోహీర్ తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోటుగా తరచూ పేపర్లో కనిపిస్తుంది కాబట్టి మా ఇగం ఎట్లాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. పత్తికట్టె మంట వేసుకుంటాం. జొన్న కంకి పాలు పోసుకొని గట్టిపడే వేళయితే ఊచబియ్యం, లేకుంటే మంటలో కాల్చిన పచ్చిశనగలు, ఫ్లాస్కులో చాయ్. వాడని బావి మట్టిదిబ్బకు కాగితం గురి నిలబెడతాం. కాగితం మీద వృత్తాలు గీసేది మాలో ఒక సారు, ఇసుక సంచులు కుట్టిచ్చేది మా టైలరు మిత్రుడు. చలికి తుపాకీలో గ్రీజు బిగుసుకుంటుంది, మొదటి ఛర్రాలు కిందికి పడతాయి. కాసేపు పేల్చాక గానీ అది దారికి రాదు. మా కట్టుబాట్లు మాకున్నాయి. కల్లు తాగి వచ్చినవాడికి తుపాకీ ఇవ్వం. పేల్చే వంతు వచ్చేదాకా గొట్టం మడిచే ఉంచాలి. దిబ్బ వెనక మనిషి గాని పశువు గాని లేదని చూసుకున్నాకే ఛర్రా పెట్టాలి, ఎందుకంటే దిబ్బ తప్పిన ఛర్రా రెండు వందల మీటర్లు దాటిపోగలదు. సీసం పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఊచబియ్యం ముట్టనివ్వం.

ఇంత మంచి పొద్దులను పాడు చేసేది పిట్టల వేట. జోరు పెంచమని అడిగే పిల్లల్లో చాలామంది మనసులో ఉండేది కాగితం కాదు, గువ్వలూ కంజులే. చలికాలమే పిట్టల కాలం కూడా. సింగూరు నీళ్లకు, మంజీర ఒడ్డుకు ఎక్కడెక్కడి బాతులో దిగుతాయి. జొన్న చేలపై గులాబి గోరింకలు మబ్బులా వాలతాయి. గింజ తింటాయని వాటి మీద కోపం ఉండవచ్చు. కానీ తమ సొంత దేశాల్లో అవి మిడతలను తిని బతికే పక్షులు. మన పెద్దలు మంచె కట్టి, వడిసెల తిప్పి, డబ్బాలు కొట్టి వాటిని తోలేవారే గాని చంపేవారు కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఈ పిట్టల వేట నేరం. దసరాకు దర్శనం చేసుకొని దండం పెట్టే పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. అది కరెంటు తీగ మీద కూచుంటే తుపాకీ ఎత్తే చేతులు కూడా మన పల్లెల్లోనే ఉన్నాయి. అది చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

కోతులు, అడవి పందుల బాధ నిజమైనదే, కాదనను. మక్క వేసిన రైతు రాత్రంతా చేను దగ్గర జాగారం చేస్తున్నాడు. అయితే ఎయిర్‌గన్ ఛర్రాతో పంది చావదు, కోతి పోదు. గాయం చీము పట్టి ఆ జీవి వారాల పాటు నరకం పడుతుంది, మంద మాత్రం మరునాడు మళ్లీ వస్తుంది. ఆ సమస్యకు అటవీ శాఖ, ప్రభుత్వం జవాబు చెప్పాలి. పిల్లల చేతిలోని తుపాకీ దానికి మందు కాదు.

అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో తూర్పు కామెంగ్ జిల్లా లుమ్‌డుంగ్ గ్రామంలో ఎయిర్‌గన్‌ల అప్పగింత ఉద్యమం మొదలుపెట్టారు. వేట అలవాటున్న కుటుంబాలు తమంతట తామే తుపాకీలు తెచ్చిచ్చాయి. ఆ సంఖ్య రెండు వేలు దాటింది. వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. అయితే మన దగ్గర తుపాకీని అప్పగించమనడం కంటే, దాని ముందు కాగితం నిలబెట్టడమే మంచిదని నా నమ్మకం. ఎందుకంటే మన రాష్ట్రానికి ఆ ఆటలో పేరుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఈషా సింగ్ పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయింది, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ బంగారు పతకం కొట్టాడు. ముగ్గురూ హైదరాబాద్ వాళ్లే. రేంజ్, కోచ్ అందుబాటులో ఉన్నవాళ్లే. రాయికోడ్ పిల్లవాడు గచ్చిబౌలి రేంజ్‌కు వెళ్లి రావాలంటే రోజు కూలీ పోగొట్టుకోవాలి.

ఈ ఆటకు కావాల్సిన చోటు మాత్రం చాలా తక్కువ. గురి దూరం 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగులు. గురి మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఎయిర్ రైఫిల్ కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజ కన్నా చిన్నది. దాన్ని కొట్టాలనే పంతం పట్టిన పిల్లవాడు ఇక స్ప్రింగు సంగతి ఎత్తడు. ఊపిరి ఎట్లా నిలపాలి, ఘోడా ఎంత మెల్లగా నొక్కాలి అని అడుగుతాడు. అట్లా మారినవాళ్లను నా షెడ్డులోనే చూశాను. మా సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోనే దేశానికి యుద్ధ వాహనాలు చేసే ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పనిచేసి రిటైరైన లేతు మిషను కార్మికులు మన మధ్యే ఉన్నారు. అంత నేర్పున్న జిల్లాలో ఛర్రాలను ఆపే ఇనుప పెట్టెలు చేయించుకోవడం కష్టమేమీ కాదు.

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. కబడ్డీకి, ఖోఖోకి, వాలీబాల్‌కు చోటిచ్చారు. సంతోషం. ప్రతి మండల కేంద్రంలో ఒక్క హాలు చూసి, మూడు గోడలనూ గట్టిపరచి, రెండు వరుసల 10 మీటర్ల రేంజ్ పెట్టండి. వారానికి రెండు పూటలు తెరిచినా చాలు. జిల్లా రైఫిల్ సంఘం తరఫున ఒక శిక్షకుడిని పంపండి, ఎయిర్‌గన్ ఉన్న ప్రతి ఇంటికీ కబురు పెట్టండి, వచ్చిన ప్రతి తుపాకీ వివరం పోలీసు ఠాణాలో రాయించండి. కట్టెలు కుదిర్చే పని నాది, నా మిత్రులది. ఒక్క రూపాయి కూడా తీసుకోం. కలెక్టరు గారూ, క్రీడా శాఖ పెద్దలూ, ముందుగా రాయికోడ్‌లో మొదలుపెట్టండి.