బాబాయి రొయ్యలు, బంగారు జల్లెడ

మొన్న ఆదివారం బందరు దగ్గర మా బాబాయి చెరువు గట్టు మీద ఉన్నా. చెక్‌ట్రే పైకి లాగి చూపించాడు. మేత మొత్తం తినేశాయి. "అరవై రోజులైందిరా, వంద కౌంటు రావాలి. రెండొందల దగ్గరే ఆగింది" అన్నాడు. ల్యాబ్‌లో పీసీఆర్ చేయిస్తే ఈహెచ్‌పీ అని తేలింది.

ఇది వైరస్ కాదు. ఫంగస్‌కి చుట్టమైన పరాన్నజీవి. 2009లో థాయిలాండ్‌లో దీనికి పేరు పెట్టారు. దీని స్పోరు సైజు మైక్రాన్ అటూ ఇటూ. అందులో చుట్ట చుట్టుకున్న గొట్టం ఒకటుంటుంది. దాన్ని రొయ్య కణంలోకి విసిరి, తన సరుకంతా అందులోకి దించేస్తుంది. రొయ్య ఎదగదు. మేత బిల్లు మాత్రం ఎదుగుతుంది!

కణంలో ఈ చొరబాటు వివరంగా చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే గతి. చిక్కేంటంటే, కణం మందం కొన్ని మైక్రాన్లు, ఎలక్ట్రాన్లు అంత దూరం దూరలేవు. అందుకే కణాన్ని క్షణంలో గడ్డకట్టించి, అయాన్ల పుంజంతో రెండు వైపులా చెక్కేస్తారు. కొండపల్లి బొమ్మకి పొణికి చెక్క చెక్కినట్టే అనుకోండి, కాకపోతే చివరికి మిగిలేది 100, 200 నానోమీటర్ల పొర.

రెండో చిక్కు కదలిక. ఎలక్ట్రాన్లు తగిలితే శాంపిల్ కదిలి ఫోటో బ్లర్ అవుతుంది. మీ ఫోన్ నైట్ మోడ్‌లాగే వీళ్లూ బోలెడు ఫ్రేములు తీసి సర్ది కలుపుతారు. అయినా చాలదు. 2014లో కేంబ్రిడ్జిలో రూసో, పాస్‌మోర్ అసలు దోషం శాంపిల్ పెట్టే కార్బన్ పొరదని చూపించారు. చిప్‌ల తయారీలో వాడే తరహా పద్ధతులతో, సన్నని చిల్లులున్న బంగారు రేకుని 3 మిల్లీమీటర్ల బంగారు జల్లెడ మీద తయారుచేశారు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ కాదు, లోపలా బయటా బంగారమే. చల్లబడితే రెండూ ఒకేలా ముడుచుకుంటాయి, కదలిక దాదాపు పోయింది. వాళ్లు చూసింది ప్రోటీన్లనే. కణాల్ని పెంచడానికీ బంగారు జల్లెడలే వాడతారు, రాగి కణాలకి విషం మరి.

ఇదంతా బాబాయికి చెప్పా. ఓపిగ్గా విన్నాడు.

"ఇంతకీ మందుందా?"

"ఇంకా లేదు బాబాయ్. చెరువు ఎండగట్టి సున్నం వెయ్యడం, టెస్ట్ చేసిన సీడు తేవడం, అంతే."

"ఆ టెస్టు ఈసారి ముందే చేయిద్దాం. ఎంతవుద్దో కనుక్కో" అన్నాడు.