బూడిదరంగు పిల్ల

దుబాయ్‌లో చలి మొదలైంది. ఈ వారం మాల్‌కి బదులు పిల్లల్ని రాస్ అల్ ఖోర్‌కి తీసుకెళ్లాం. టికెట్ లేదు. చెక్క గుడిసెలాంటి మాటులో నిలబడి టెలిస్కోపులోంచి ఫ్లెమింగోలను చూడొచ్చు. దూరంగా బుర్జ్ ఖలీఫా, ముందు బురదనీళ్లలో గులాబీ గుంపు!

మా నాలుగేళ్ల చిన్నది చూడగానే కేకేసింది. కెమెరా పట్టుకున్న పెద్దాయన ఒకరు మావైపు చూశారు. సిగ్గేసి, "పెద్ద పిల్లవి కదూ, నోరు మూసుకో" అని కసిరాను. కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత నా చెవిలో అడిగింది: "అమ్మా, అదొక్కటే బూడిదరంగులో ఉందేం?"

"అది ఇంకా పిల్ల. నాచు, చిన్న చిన్న రొయ్యలు తింటూ ఉంటే రెండు మూడేళ్లకి గులాబీరంగు వస్తుంది."

"అప్పటిదాకా వాళ్లమ్మ తిట్టదా?"

నా దగ్గర జవాబు లేదు. ఎత్తుకుని మళ్లీ టెలిస్కోపులో చూపించాను. ఈసారి కేకేసినా ఏమీ అనలేదు. బయటికి తీసుకొచ్చి, తనివితీరా అరవనిచ్చాను.

మీరూ వెళ్లండి. నీళ్లు, టోపీలు మర్చిపోకండి. చిన్నపిల్లలకి ఒక్క మాటు, అరగంట చాలు.