మాత్రలకు వేలు.. ఇంక్యుబేటర్‌పై మౌనం

సంతాన సాఫల్య చికిత్స కోసం పల్లెల నుంచి గుంటూరు, విజయవాడ బాట పట్టే దంపతుల మందుల చీటీలో యాంటీ ఆక్సిడెంట్ మాత్రలకు చోటు దక్కడం పరిపాటిగా మారింది. కోఎంజైమ్ క్యూ10, జింకు, సెలీనియం, విటమిన్ ఇ.. పేర్లు ఏవైనా చెప్పే కారణం ఒక్కటే. ‘ఆక్సీకరణ ఒత్తిడి’ వల్లే గర్భం నిలవడం లేదన్నది. నగలు కుదువబెట్టి వచ్చినవారికి ఇది నెలనెలా అదనపు భారం. ఈ ఒత్తిడి కల్పితమేమీ కాదు. అయితే మాత్రే దానికి విరుగుడన్న వాదనకు ఆధారాలు బలహీనం.

ప్రాణవాయువే ప్రతికూలం

కణం శక్తిని తయారు చేసుకునే క్రమంలో ఆక్సిజన్ నుంచి కొన్ని చురుకైన అణువులు వెలువడతాయి. వాటిని అణచే ఏర్పాటు శరీరంలోనే ఉంది. ఆ తూకం తప్పితేనే చిక్కు. శుక్రకణం పైపొరలో త్వరగా దెబ్బతినే కొవ్వులు అధికం, మరమ్మతు చేసుకునే శక్తి అత్యల్పం. దాని డీఎన్ఏ తెగితే సరిచేసే భారం అండంపై పడుతుంది. వయసు మీరిన అండానికి ఆ సత్తువ తక్కువ. ఫలితంగా అయిదో రోజు దశకు చేరకుండానే పిండం ఎదుగుదల నిలిచిపోవచ్చు. అలాగని ఈ అణువులన్నీ శత్రువులు కావు. అండాన్ని ఫలదీకరించే సామర్థ్యం శుక్రకణానికి అబ్బాలంటే అవి కొద్ది మోతాదులో ఉండాల్సిందే.

అమెరికాలో 2,370 జంటలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. పురుషులకు ఆరు నెలలపాటు ఫోలిక్ ఆమ్లం, జింకు ఇచ్చారు. వాడినవారిలో 34 శాతం, ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో 35 శాతం జంటలకు బిడ్డలు పుట్టారు. శుక్రకణాల డీఎన్ఏ విచ్ఛిన్నం అసలు మాత్రలు వాడినవారిలోనే కాస్త ఎక్కువగా ఉండటం గమనార్హం. స్త్రీలకు గర్భధారణకు ముందు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం సంగతి వేరు. శిశువుకు వెన్నుపాము లోపాలు రాకుండా అది అవసరం, మానరాదు.

అడగాల్సిన ప్రశ్న

బయటి గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఫాలోపియన్ నాళం, గర్భాశయాల్లో 2 నుంచి 8 శాతమే. అందుకే శరీరం వెలుపల పిండాన్ని పెంచే ఇంక్యుబేటర్‌లోకి నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను 5 శాతానికి తగ్గిస్తారు. దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం మెరుగుపడుతుందని కోక్రేన్ సమీక్ష 2012లోనే పేర్కొంది. నైట్రోజన్ ఖర్చు కేంద్రానిది, మాత్రల ఖర్చు దంపతులది. దేనికి ప్రచారం ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం చికిత్స సఫలమయ్యే అవకాశాలు, లాభనష్టాలు, ఖర్చు దంపతులకు ముందే వివరించాల్సిన బాధ్యత కేంద్రానిదే. ఆ మాటల మధ్యే పిండాన్ని ఎంత శాతం ఆక్సిజన్‌లో ఉంచుతారని కూడా అడగవచ్చు. పైసా ఖర్చు లేని జాగ్రత్త మరొకటి ఉంది. పొగతాగడం వీర్యంలో ఈ ఒత్తిడిని పెంచుతుంది. శుక్రకణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది కనుక చికిత్సకు కనీసం మూడు నెలల ముందే బీడీ, సిగరెట్టు మానేయాలి.