కౌబాయ్‌కి కోడంబాక్కం బాకీ

నటుడు కృష్ణ 2022 నవంబరు 15న హైదరాబాదులో కన్నుమూశారు. నివాళులకు లోటు లేదు, లోటల్లా ఆయన చిత్రాల భద్రతకే. తెలుగు సినిమాకు మద్రాసులోని కోడంబాక్కమే ఇల్లైన 1971లో, ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో పద్మాలయా సంస్థ తీసిన ఆయన కౌబాయ్ చిత్రం ‘మోసగాళ్ళకు మోసగాడు’ అరువు టోపీకి అచ్చతెలుగు మాట నేర్పింది. ఆ ధైర్యం వెండితెరకెక్కింది సరే, దాని నెగెటివ్‌ల మాటేమిటి? ఆయన నటించిన 350కి పైగా చిత్రాల్లో ఎన్నింటికి మంచి ప్రతి మిగిలిందో లెక్క తేలాలి. చెన్నై ఉక్కకూ ఉప్పుగాలికీ ఫిల్ము తాళదు. నెగెటివ్‌లు దాచిన ల్యాబులూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. విగ్రహం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, పులుపు వాసన పట్టిన రీలు మాత్రం ఆగదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ, నిర్మాతల వారసులూ పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌తో కలిసి ముందు జాబితా వేయించాలి, వెంటనే స్కానింగుకు నిధులివ్వాలి.